ఆయన సగటు

పెళ్ళయిన పంతొమ్మిదేళ్ళకి మొదటిసారి మొగుడు తనంతట తాను "ఈసారి నువ్వూ క్యాంపుకి రా, నాలుగు ఊళ్ళు తిరిగినట్టుంటుంది" అన్నాడంటే ఏ ఇల్లాలికైనా అనుమానం రావాలా వద్దా? ఆవిడకి రాలేదు. వచ్చి ఉంటే ఈ కథే లేదు. బడికి సెలవులిచ్చిన రోజే చక్రాల పెట్టె కొనుక్కుంది, ఉన్న బట్టల్లో కాస్త కొత్తగా కనిపించేవి ఏరుకుంది, చెల్లెలికి ఫోన్ చేసి చెప్పింది. చెల్లెలు ఊరుకునే రకమా. ఇన్నాళ్ళకి బావగారికి అక్క గుర్తొచ్చిందన్నమాట, ఈ వయసులో హనీమూనన్నమాట అని అరగంట ఏడిపించింది. నలభై మూడేళ్ళ మనిషి, బడిలో ఆరువందల మంది పిల్లల్ని కంటిచూపుతో నోరు మూయించే లైబ్రేరియన్, వంటింట్లో ఒంటరిగా నిలబడి ఫోన్ పట్టుకుని సిగ్గుపడింది. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

ఆయన ఒక తనిఖీల కంపెనీలో బాయిలర్ల ఇన్‌స్పెక్టరు. కాగితం మిల్లుల్లో, రంగుల ఫ్యాక్టరీల్లో, పాల డెయిరీల్లో ఆవిరి పుట్టించే పెద్ద పెద్ద ఇనుప పీపాలుంటాయి కదా, వాటిలోకి దూరి, చిన్న సుత్తితో కొట్టి, చెవిపెట్టి విని, ఇది ఇంకో ఏడాది పనికొస్తుందనో రాదనో రాసిచ్చే ఉద్యోగం. నెలలో ఇరవై రోజులు ఊళ్ళ మీదే. మామూలుగా అలా తిరిగేవాళ్ళకి పొట్ట వస్తుంది. ఈయనకి పరుగు పిచ్చి పట్టింది. రోజుకి ఐదు కిలోమీటర్లు, ఒక్కరోజు మానకుండా, ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊళ్ళో. లాడ్జీ వరండాల్లో పరిగెత్తాడు, బస్టాండు చుట్టూ పరిగెత్తాడు, తుఫాను రోజున మేడమెట్లు ఎక్కి దిగి లెక్క పూర్తి చేశాడు. చేతికున్న గడియారం ఆ లెక్కంతా రాసుకుని ఫోన్‌కి పంపుతుంది, ఫోన్ దాన్ని "వెయ్యి రోజుల బృందం" అనే గుంపుకి పంపుతుంది. ఆ గుంపులో కంపెనీ వాళ్ళే ముప్పై మంది, అందరికీ పైన ఎం.డి. మేడమ్. మేడమ్ కూడా పరుగు మనిషే. వెయ్యి రోజులు వరసగా పరిగెత్తినవాళ్ళని వార్షిక సమావేశంలో స్టేజీ ఎక్కిస్తానని, జోనల్ చీఫ్ కుర్చీ ఖాళీగా ఉందని, ఈ రెండు ముక్కలూ ఒకే మీటింగులో అన్నది. రెండింటికీ సంబంధం ఉందని అనలేదు. అనక్కర్లేదు కూడా.

గుంపుకి రెండే నియమాలు. ఒక్కరోజు తప్పితే లెక్క మళ్ళీ ఒకటి నుంచి. ఐదు కిలోమీటర్లకి గంట దాటితే అది పరుగు కాదు, షికారు.

తొమ్మిదివందల యాభయ్యో రోజున ఏదో ఊళ్ళో ఆయన పరుగు ముగించి లాడ్జీకి వచ్చేసరికి గడియారంలో నాలుగు కిలోమీటర్ల ఎనిమిదివందల చిల్లర ఉంది. పరుగు మనుషులకి ఇదొక జబ్బు, అంకె గుండ్రంగా కాకపోతే వాళ్ళకి ముద్ద దిగదు. మిగిలింది కింది వరండాలో చుట్లు కొట్టి పూర్తి చేద్దామనుకున్నాడు. పనిమనిషి అప్పుడే నేల తుడిచింది. జారాడు. కుడి మడమ మెట్టు అంచుకి తగిలింది. లేచి, మిగతా నలభై మీటర్లు కుంటుతూ పూర్తి చేసి, ఆ తరవాత మేనేజరుని పిలిచి ఆ తుడిచే మనిషిని అప్పటికప్పుడు పనిలోంచి తీయించాడు. ఇంటికొచ్చి ఈ సంగతి భార్యకి గొప్పగా చెప్పుకున్నాడు. తడినేల మీద పరిగెత్తింది ఎవరండీ అని ఆవిడ అడగలేదు. అడగవలసింది.

డాక్టరు ఎక్స్‌రే తీసి, మడమ ఎముకలో వెంట్రుకంత పగులుంది, మెల్లగా నడవండి గానీ రెండు నెలలు పరుగు మాట ఎత్తకండి అన్నాడు. ఆయన ఐదు రోజులు పళ్ళబిగువున ఈడ్చాడు, రోజూ గంటకి ఒకటో రెండో నిమిషాల తక్కువలో. మూడో రోజునే తెలిసిపోయింది ఇది సాగదని. సరిగ్గా ఆ సాయంత్రమే ఆయనకి భార్య మీద ప్రేమ పుట్టుకొచ్చింది.

మొదటి లాడ్జీలో మొదటి తెల్లవారుజామున ఐదింటికి ఆయన ఆవిడని తట్టి లేపాడు. కొత్త ఊరు చూపించడానికి లేపాడనుకుని ఆవిడ గబగబా తల దువ్వుకుంది. ఆయన తన చేతి గడియారం విప్పి ఆవిడ చేతికి పెట్టి, పట్టీని చివరి బెజ్జం దాకా లాగి బిగించాడు. ఐదు కిలోమీటర్లు, గంటలోపల, దారి ఇదీ అని ఫోన్‌లో చూపించాడు.

"పరిగెత్తడానికి తీసుకొచ్చారా నన్ను?" అంది ఆవిడ.

"లేకపోతే బాయిలర్లు చూపించడానికి తెచ్చాననుకున్నావా? బయటివాళ్ళ చేతికిస్తే పరువు పోతుంది. నువ్వైతే ఇంట్లో మనిషివి."

తన పాత బూట్లు ముందు పడేశాడు. రెండు జతల మేజోళ్ళు తొడుక్కుంటే సరిపోతాయన్నాడు. బడిలో చదివేటప్పుడు తప్ప ఎప్పుడూ పరిగెత్తని మనిషి, దోమతెర గుర్తులు చెంప మీద ఉండగానే, మగవాడి బూట్లేసుకుని తెలియని వీధిలోకి దిగింది. మొదటి మలుపులోనే డొక్కలో పోటు వచ్చింది. కుక్కలు వెంటపడ్డాయి. పాల వ్యానువాడు బండి నెమ్మది చేసి, ఏమ్మా ఎవరైనా తరుముతున్నారా అని అడిగాడు. లేదని చేయి ఊపింది గానీ, అది అబద్ధమని ఆవిడకీ తెలుసు. తిరిగి వచ్చేసరికి యాభై తొమ్మిది నిమిషాల ఇరవై సెకన్లు.

గుమ్మంలో నిలబడ్డ ఆయన ఆవిడ ముఖం వైపు చూడలేదు. డాక్టరు నాడి చూసినట్టు మణికట్టు పట్టుకుని పైకెత్తి గడియారం చూశాడు.

"యాభై తొమ్మిదా? ఏం మనిషివే నువ్వు. నా సగటు పాడుచేశావు."

ఆవిడ స్నానాలగదిలో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది. అవతల ఆయన గుంపులో ఎవరో వేసిన ప్రశ్నకి జవాబు రాసుకుంటున్నాడు, అప్పుడప్పుడు ఒక వారం కావాలనే నెమ్మదిగా పరిగెత్తాలండీ, శరీరానికి విశ్రాంతి అని.

అక్కణ్ణించి ఊరు వెంట ఊరు. పగలంతా ఫ్యాక్టరీలు. మడమ సంగతి ఎవరికీ తెలియకూడదు కాబట్టి పనిముట్ల పెట్టె, టార్చి, సుత్తులు అన్నీ ఆవిడే మోసేది. గేటు దగ్గర మనుషులు కనిపించగానే ఆయన నడక చక్కబడేది, మలుపు తిరగగానే గోడ పట్టుకునేవాడు. రాత్రి దీపం ఆర్పే ముందు ఒకటే మాట, "ఐదింటికి లేపుతాను." కాళ్ళు పీకుతున్నాయా, ఏమైనా రాసుకున్నావా అని ఒక్కరోజు అడిగిన పాపాన పోలేదు.

అయితే పనిలో ఆయన గట్టివాడే, ఆ మాట ఒప్పుకోవాలి. ఒక కాగితం మిల్లులో ఆవిడ టార్చి పట్టుకుని నిలబడితే ఆయన బాయిలరు పొట్టలోకి దూరి, సుత్తితో అంగుళం అంగుళం కొట్టుకుంటూ పోయాడు. బాగున్న ఇనుము గంటలా మోగుతోంది. ఒకచోట మాత్రం పగిలిన గిన్నె మీద గరిటె తగిలినట్టు పొడిగా టప్పుమంది. మళ్ళీ కొట్టి, విన్నావా అని ఆవిడని అడిగాడు. పంతొమ్మిదేళ్ళలో ఆయన ఆవిడకి నేర్పిన విద్య అదొక్కటే. మిల్లు యజమాని చేతులు నలుపుకుంటూ, వెంట్రుకంత పగులేనండీ, ఈ నెల గడవనివ్వండి, మార్పించేస్తాం అని బతిమాలాడు.

"వెంట్రుకంత చాలయ్యా," అన్నాడు ఆయన. "బరువు పడనంతసేపే అది వెంట్రుక."

పనికిరాదు అని ముద్ర కొట్టేశాడు. బయటికి వచ్చి కారెక్కుతూ ఆయన మడమ పట్టుకుని మూలిగాడు. ఆవిడ ఆ సుత్తిని తుడిచి పెట్టెలో పెట్టింది.

రెండో వారానికి యాభై రెండు నిమిషాలకి దిగింది. మూడో వారానికి నలభై ఏడు. ఒక ఊళ్ళో ఆవిడ తన డబ్బుతో తన కొలతకి బూట్లు కొనుక్కుంది, అవి వేసుకున్న పొద్దున కాళ్ళు తనవే కానట్టు తేలిపోయాయి. ఇక్కడ ఉన్నమాట చెప్పాలి. ఆవిడకి పరుగు నచ్చడం మొదలైంది. మూసిన షట్టర్ల ముందు నీళ్ళు చల్లుతున్న మంగలి, రైలు గేటు దగ్గర గుడ్డిదీపం కింద పేపర్లు మడతపెట్టే మనుషులు, రొట్టెల బట్టీ వెనక సందులో వెచ్చటి వాసన, ఇవన్నీ ఆ గంటలో ఆవిడవి. ఆ గంటలో ఎవరూ పిలవరు, ఏదీ అందించమనరు. చెల్లెలు ఫొటోలు చూసి, అక్కా బాగా చిక్కావే, బావగారు బాగా తిప్పుతున్నారా అంది. తిప్పుతున్నారు అంది ఆవిడ.

ఆవిడని భయపెట్టింది వేరే సంగతి. ఒక డెయిరీ క్యాంటీన్‌లో ఎవరో పరుగు సంగతి ఎత్తితే ఆయన టీ చప్పరిస్తూ, ఇవాళ ఎదురుగాలండీ, అయినా నలభై రెండులో కొట్టాను అన్నాడు. ఎదురుగాలి తిన్నది ఆవిడ, ఇంకా పెదవులు పగిలే ఉన్నాయి. అబద్ధం చెప్పే మనిషి ముఖంలో ఎక్కడో ఒక చోట తడబాటు ఉంటుంది. ఆవిడ వెతికింది. ఆయన ముఖంలో అది లేదు. నిజంగానే తనే పరిగెత్తాననుకుంటున్నాడు.

తొమ్మిదివందల ఎనభై ఒకటో రోజున రైలు ఆలస్యమైంది. తెల్లారేసరికి లాడ్జీలో ఉండవలసినవాళ్ళు ఇంకా రైల్లోనే ఉన్నారు, దిగితే రాత్రి దాకా ఫ్యాక్టరీల పనే. ఒక జంక్షన్‌లో ఇంజను మార్చడానికి ముప్పావుగంట ఆగుతుందని తెలియగానే ఆయన ఆవిడని ప్లాట్‌ఫారం మీదికి దింపాడు. మూటల మధ్య నుంచి, నిద్రపోయే మనుషుల మధ్య నుంచి, ఈ చివర నుంచి ఆ చివరకి, ఆ చివర నుంచి ఈ చివరకి. ఆయన బోగీ తలుపు దగ్గర ఫోన్ పట్టుకుని నిలబడి, దాటినప్పుడల్లా మిగిలిన మీటర్లు అరిచి చెబుతున్నాడు. కూత వేసింది. రైలు కదిలింది.

"ఎక్కకు!" అన్నాడు ఆయన. "ఎక్కితే లెక్క పోతుంది. ఇంకా రెండొందలే."

ఆవిడ రైలు పక్కన పరిగెత్తింది. మొదట రైలు ఆవిడ కంటే నెమ్మదిగా ఉంది, తరవాత సమానమైంది, తరవాత మించడం మొదలెట్టింది. ఆయన వంద అన్నాడు, అరవై అన్నాడు, ముప్పై అన్నాడు, అయిపోయింది అన్నాడు, చేయి మాత్రం చాచలేదు, ఆ చేతిలో ఫోన్ ఉంది. ప్లాట్‌ఫారం చివర పలక కనిపించేసరికి ఆవిడ కడ్డీ పట్టుకుని ఎగిరింది. కాలు జారింది. మోకాలు మెట్టు అంచుకి గీసుకుపోయింది. కిటికీ పక్క సీటులోని ముసలాయన లేచి వచ్చి రెక్క పట్టుకుని లోపలికి లాగకపోతే ఏమయ్యేదో నేను చెప్పక్కర్లేదు.

బోగీ నేల మీద కూలబడి ఆవిడ వణుకుతూ ఉంటే, మోకాలి నుంచి రక్తం మేజోడు దాకా దిగుతూ ఉంటే, ఆయన వంగి ఆవిడ చేయి అందుకున్నాడు. చొక్కా అంచుతో గడియారం తుడిచి, వెలుతురుకి పెట్టి చూశాడు.

"అమ్మయ్య. అద్దం పగల్లేదు."

ముసలాయన ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఆయన మీకేమవుతారమ్మా అని అడిగాడు. మావారండీ అంది ఆవిడ. ముసలాయన వెళ్ళి కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. ఆ తిరగడం ఆవిడకి మోకాలి కంటే ఎక్కువ మండింది.

రేపటి నుంచి పరిగెత్తనని చెప్పేసింది. అరవలేదు, ఏడవలేదు, మామూలుగా చెప్పింది. ఆయనకి ముఖాన నెత్తుటిచుక్క లేదు. ఆ రోజంతా ఆవిడ చుట్టూ తిరిగాడు, మోకాలికి మందు తనే తెచ్చాడు, పెట్టె తనే మోశాడు. సాయంత్రానికి ఒక మాట ఇచ్చాడు. వెయ్యో రోజున అందరి ముందూ ఆవిడని స్టేజీ మీదికి పిలుస్తాడట. ఈ చివరి నలభై ఐదు రోజులూ పరిగెత్తింది నేను కాదు, ఈవిడ అని మైకులో చెబుతాడట.

"నిజంగా చెబుతారా?"

"నీ మీద ఒట్టు."

ఆవిడ మళ్ళీ ఒకసారి చెప్పించుకుంది. మీరు నవ్వవచ్చు, అంత జరిగాక నమ్మడం ఏమిటని. బడిలో పద్దెనిమిది వార్షికోత్సవాలకి కుర్చీలు వేయించింది ఆవిడ, బహుమతుల పుస్తకాలకి రంగుకాగితం చుట్టింది ఆవిడ. స్టేజీ మీదికి ఆవిడని ఎవరూ ఒక్కసారీ పిలవలేదు. అక్షరాలా తన కాళ్ళతో చేసిన పని ఇదొకటి ఉంది, ఇది చేసింది నువ్వు అని ఒక్కడు ఒక్కసారి పైకి అంటే చాలు, ఇంకేమీ వద్దు. ఆ ఒక్క మాట కోసం మిగిలిన పంతొమ్మిది రోజులూ పరిగెత్తింది. వానలో పరిగెత్తింది, జలుబుతో పరిగెత్తింది, మోకాలికి కట్టుతో పరిగెత్తింది.

తొమ్మిదివందల తొంభై మూడో రోజున ముప్పై ఆరు నిమిషాల యాభై సెకన్లు. ఆయన సొంతంగా పరిగెత్తిన రోజుల్లో ఎన్నడూ ముప్పై ఏడు లోపలికి రాలేదు. గడియారం కిణుకిణుమని మోగి, ఇది మీ జీవితంలోనే అత్యుత్తమ పరుగు అని మెరిసింది. గుంపు గుంపంతా చప్పట్ల బొమ్మలు పంపింది. మేడమ్ స్వయంగా, మీ రహస్యం ఏమిటండీ అని రాసింది. వయసు ఒక అంకె మాత్రమే అని ఆయన జవాబిచ్చాడు. ఆవిడతో మాత్రం, గాలివాటం అయ్యుంటుంది అన్నాడు.

వెయ్యో రోజు వచ్చింది. సమావేశం ఒక పెద్ద హోటల్ వెనక పచ్చికలో. పొద్దున ఐదింటికి ఆవిడ మామూలుగానే దిగి, పరిగెత్తి, పైకొచ్చింది. ఎప్పుడూ గుమ్మంలో కాపలా కాసే మనిషి ఆ రోజు అద్దం ముందు నిలబడి ఉపన్యాసం వల్లె వేసుకుంటున్నాడు. లెక్క ఫోన్‌కి చేరిందని చూసుకున్నాడు గానీ గడియారం అడగడం మర్చిపోయాడు. ఆవిడా విప్పలేదు. స్నానం చేసి, పొడుగు చేతుల జాకెట్టు వేసుకుని, నన్ను ఎప్పుడు పిలుస్తారు అని అడిగింది. చూద్దాంలే అన్నాడు అద్దంలోకి చూస్తూనే.

రెండువందల మంది కూర్చున్నారు. ఆవిడ మూడో వరసలో. స్టేజీ మీద పెద్ద తెర, తెర మీద ఆయన పేరున చివరి యాభై రోజుల గీత, మొదట కిందపడి తరవాత మెట్టు మెట్టుగా పైకెక్కిన గీత. ఆ గీతలో ప్రతి వంపూ ఆవిడకి గుర్తే. ఇది కుక్కల ఊరు, ఇది కొత్త బూట్లు, ఇది రైలు. కొత్త జోనల్ చీఫ్ ఈయనే అని మేడమ్ ప్రకటించింది. చప్పట్లు ఆగాక ఆయన మైకు తీసుకుని క్రమశిక్షణ గురించి, మనోబలం గురించి, ప్రయాణంలో ఉన్నా సాకులు చెప్పకపోవడం గురించి పావుగంట మాట్లాడాడు. ఆవిడ మాట రాలేదు. చివర్లో చెబుతాడేమో అనుకుంది. చివర కూడా వచ్చేసింది.

మేడమ్ నవ్వుతూ, మీ శ్రీమతిగారు కూడా పరిగెత్తుతారా అని అడిగింది.

ఇంతకంటే మంచి అదను ఎవరికి దొరుకుతుంది? ఆవిడ కుర్చీలోంచి సగం లేచింది. ఆయన ఆవిడ వైపు చూశాడు. చూడలేదని తరవాత అనుకోవడానికి వీల్లేకుండా, కళ్ళలోకి చూశాడు.

"ఆవిడా మేడమ్? లిఫ్టు లేకపోతే రెండో అంతస్తు కూడా ఎక్కదు. నేను పరిగెత్తి వచ్చేదాకా ముసుగుతన్ని పడుకుంటుంది."

పచ్చికంతా నవ్వింది. పక్క కుర్చీలో కూర్చున్న అకౌంటెంటు భార్య ఆవిడ మోచేతిని సరదాగా పొడిచింది. ఆవిడ సగం లేచినది కూర్చుంది. ముఖం మీద నవ్వు పెట్టుకుంది, తీయడానికి వీలు కాలేదు. మనిషిని చంపడానికి కత్తులే అక్కర్లేదు.

అప్పుడు మేడమ్ ఎవరూ అనుకోని మాట అంది. పచ్చిక చుట్టూ కంకర బాట ఉంది, ముప్పావు కిలోమీటరు. వెయ్యి రోజుల మనిషితో ఒక్క చుట్టు తను కూడా పరిగెత్తుతుందట, అందరూ చూడాలట. అప్పటికే బూట్ల తాళ్ళు బిగించుకుంటోంది.

ఆయన పొద్దునే పరిగెత్తానన్నాడు. నేనూ పరిగెత్తాను అంది మేడమ్. మణికట్టు చూసుకుని, గడియారం రూములో ఉండిపోయింది, అది లేకుండా నేను అడుగు వేయను అన్నాడు. ఆ సాకు దొరకగానే ప్రాణం లేచొచ్చినట్టు నవ్వాడు కూడా.

మూడో వరసలో ఆవిడ లేచింది. ఈసారి పూర్తిగా లేచింది. కుర్చీల మధ్య నుంచి నడిచి స్టేజీ మెట్లెక్కింది. ఎవరూ పిలవకుండానే ఎక్కింది. జాకెట్టు చేయి పైకి లాగి, పట్టీ విప్పింది. పట్టీ కింద మణికట్టు తెల్లగా, చుట్టూ ఎండకి కమిలి ఉంది. ఆ చారని చూసినా చాలు, కళ్ళున్నవాళ్ళకి అర్థమయ్యేది. రెండువందల మందిలో ఒక్కరూ చూడలేదు.

మీ దగ్గర ఉందా అని మేడమ్ ఆశ్చర్యపోయింది. మోతబరువులన్నీ నా వంతేనండీ అంది ఆవిడ. పచ్చిక మళ్ళీ నవ్వింది.

నిజం చెప్పేయవచ్చు, మైకు అరచేయంత దూరంలో ఉంది. చెబితే ఇంకో నవ్వు నవ్వుతారు, అంతే కదా. అడుక్కుని తెచ్చుకున్న మాట ఆవిడకి ఇక అక్కర్లేదు. ఆయన మణికట్టుకి గడియారం పెట్టి, పట్టీని చివరి బెజ్జం దాకా లాగి బిగించింది. ఆయన చేయి చల్లగా ఉంది. నుదురంతా చెమట.

"నా కాలు బాగాలేదని చెప్పవే," అన్నాడు పెదవులు కదపకుండా. "నువ్వు చెబితే నమ్ముతారు. నీకు దణ్ణం పెడతాను."

జాలి వేయలేదా అంటే, వేసింది. వెంట్రుకంత పగులు మీద బరువు పడితే ఏమవుతుందో ఆవిడకి తెలియదా అంటే, తెలుసు. నేర్పినవాడు ఎదురుగానే ఉన్నాడు.

"ముప్పావు కిలోమీటరే కదండీ," అంది. "అందరూ చూస్తున్నారు. పరిగెత్తండి."

ఆయన పరిగెత్తాడు. మొదటి వంద మీటర్లు బాగానే పరిగెత్తాడు. రెండో వందలో మేడమ్ ముందుకు పోయింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొడుతుంటే ఆగలేక, ఆగితే ఏమంటారోనని, దవడ బిగించి లాగాడు. నీళ్ళ కుళాయి దగ్గర మలుపులో కుడికాలు వేశాడు. స్టేజీ మీద నుంచి అంత దూరాన చప్పుడు వినపడదు, కానీ పగిలిన గిన్నె మీద గరిటె తగిలినట్టు టప్పుమనడం ఆవిడకి వినిపించింది. ఆయన ముఖం కంకరకి కొట్టుకుంటూ పడ్డాడు.

అందరూ పరిగెత్తారు. ఆ పచ్చికలో అందరికంటే వేగంగా పరిగెత్తగల మనిషి మాత్రం నడిచి వెళ్ళింది. జనాన్ని తప్పించుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, మూలుగుతున్న ఆయన చేయి అందుకుంది. కొంగుతో గడియారం తుడిచి, వెలుతురుకి పెట్టి చూసింది.

"అద్దం పగల్లేదు," అంది.

ఆయన మూలుగు ఒక్క క్షణం ఆగింది. రైలు గుర్తొచ్చింది కాబోలు.

మడమ మూడు ముక్కలైంది. ఆసుపత్రిలో మేకులు వేసి, మోకాలి దాకా కట్టు కట్టారు, ఇక ఈ జన్మకి పరుగు లేదన్నారు. ఇందులో ఆవిడకి న్యాయం జరిగిందనుకునేరు. ఏమీ జరగలేదు. సాయంత్రం దాకా పువ్వులు పట్టుకుని మనుషులు వస్తూనే ఉన్నారు. కాలు విరిగేదాకా ఆగని మనిషి అని మేడమ్ కళ్ళు తుడుచుకుంది, ఆ కుర్చీ ఆయన లేచేదాకా ఖాళీగా ఉంచుతానంది. చెల్లెలు వీడియో చూసి ఫోన్ చేసి, బావగారు ఎంత మొండివాడే అక్కా, నువ్వు అదృష్టవంతురాలివి అంది. ఆయన దిండుకి చేరగిలబడి అందరి మాటలూ కళ్ళు మూసుకుని విన్నాడు, నొప్పిలో కూడా పెదవి చివర చిన్న నవ్వు. అందరూ వెళ్ళాక ఆవిడ ఆయన గడియారానికి కరెంటు ఎక్కించి, మళ్ళీ ఆయన చేతికే కట్టింది.

"ఐదింటికి లేపుతాను," అంది.

వేళాకోళమనుకున్నాడు.

ఐదింటికి కిటికీ తెర తీసి, తట్టి లేపింది. మందు మత్తులో ఆయనకి ఎక్కడున్నాడో అర్థం కాలేదు. నొప్పి, నొప్పి అన్నాడు. నీళ్ళు కావాలన్నాడు. లెక్క పోయిందిలే, వదిలెయ్యవే అన్నాడు. ఆవిడ కుర్చీలో కూర్చుని తన బూట్ల తాళ్ళు ముడివేసుకుంది. నీళ్ళ సీసా చేతికందని బల్ల మీద ఉంది. గది రెండో అంతస్తులో, బయట లిఫ్టు ఉంది. ఆవిడ మెట్లు దిగడం ఆయనకి వినిపించింది, గబగబా, రెండేసి మెట్లు.

తిరిగి వచ్చేసరికి బాగా తెల్లారింది. ఎంతసేపు పరిగెత్తిందో ఎవరికీ తెలియదు, ఆవిడ చేతికి ఏమీ లేదు. చెమట తుడుచుకుని, మంచం దగ్గరికి వచ్చి, ఆయన ముఖం వైపు చూడకుండా, నాడి చూసినట్టు మణికట్టు పట్టుకుని పైకెత్తింది.

"సున్నా," అంది. "మీ సగటు పాడైపోయిందండీ."

అప్పుడు నీళ్ళు అందించింది.